సగ్గుబియ్యం గంజి మీద గూడబాతు

తాడేపల్లిగూడెం
సెప్టెంబరు 8

ఒసేయ్ పెర్సీ,

ఉత్తరం చూసి నవ్వుతున్నావు కదూ? నవ్వు, నవ్వు. నా ఫోను అన్నయ్య బీరువాలో పెట్టి తాళం వేసేశాడు. ఫోను చూడకూడదు, టీవీ చూడకూడదు, రెపరెపలాడే ట్యూబ్‌లైటు కింద కూర్చోకూడదు. కాగితం మీద రాసుకోవడానికి మాత్రం నరాల డాక్టరుగారు ఒప్పుకున్నారు. పోనీ వదిన ఫోన్లో మాట్లాడదామంటే చుట్టూ నలుగురు చేరతారు. అమ్మయితే నీ పేరెత్తితేనే అగ్గిమీద గుగ్గిలం. "ఆ పిల్ల స్నేహమే కొంప ముంచింది, మళ్ళీ మన గుమ్మం తొక్కనివ్వను" అంటోంది. నువ్వు ఇప్పట్లో రాకు.

ఆ రోజు సంగతి నాకు సగమే గుర్తుంది. ఏలూరులో కాలేజీ ఫెస్టు. పళ్ళెంలో నేను నీలం పోశాను, నువ్వు పసుపు అందించావు. అంతలో ఆ డీజే కుర్రాడు లైట్లు టపటపా కొట్టించడం మొదలుపెట్టాడు. మళ్ళీ కళ్ళు తెరిస్తే ఆసుపత్రి. ఫిట్స్ అన్నారు. ఇరవై ఆరేళ్ళొచ్చాక ఇదేం రోగమే నాకు! నిద్ర లేకపోవడం, మెరిసి ఆరే లైట్లు, రెండూ కలిసి తెచ్చిపెట్టాయట. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, ఏళ్ళ తరబడి మింగాలి. శ్రీదుర్గ వదిన తన చేత్తో ఇచ్చి, నేను మింగేదాకా నీళ్ళ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడుతుంది. అన్నయ్య ఉల్లిపాయల కొట్టు నుంచి రాగానే "వేసుకుందా?" అని ముందు ఆవిణ్ణే అడుగుతాడు.

నిన్న పక్కింటి రాజ్యంగారు పరామర్శకొచ్చి "అసలు నువ్వు చేసే పనేంటమ్మా?" అన్నారు. చెప్పాను. పాటగాడు ముందు పాడుతుంటాడండీ, వెనక పెద్ద తెల్లగుడ్డ ఉంటుంది, మేం ఒక మూల కూర్చుని పాత ప్రొజెక్టరు మీద గాజు పళ్ళెం పెట్టి, నీళ్ళూ రంగులూ పోసి, పాట ఎటు పోతే అటు బొమ్మ కదిలిస్తాం, అదంతా ఆ గుడ్డ మీద పడుతుంది అని. "పాట అయిపోయాక ఆ బొమ్మ ఏం చేస్తారు?" అన్నారు. తూములో పారబోస్తామండీ అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసి వదినతో కాఫీ అడిగారు.

నాకు మాత్రం ఈ నాలుగేళ్ళలో ఆ పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు తప్ప బతికినట్టు ఎప్పుడూ అనిపించలేదే. త్వరగా జవాబు రాయి.

నీ ఇందు

*

ఏలూరు
సెప్టెంబరు 17

ఇందూ,

నవ్వలేదు. కూర్చుని ఏడ్చాను. మా నాన్నగారు కంగారుపడి "ఏమైందమ్మా, ఎవరికైనా బాగోలేదా?" అని వెంటపడితే, నీ ఉత్తరమని చెప్పాను. నాన్నగారు, అదే మన ఎలీయాజరు మాస్టారు, వెంటనే కళ్ళు మూసుకుని నీకోసం ప్రార్థన చేసేశారు. నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మా సంఘంలో ఆదివారం నీ పేరు కూడా చదువుతున్నారు.

ఒక మాట చెప్పాలి. ఆ రోజు నువ్వు ఒరిగిపోతుంటే నేను ముందు పళ్ళేన్ని పట్టుకున్నాను. తర్వాతే నిన్ను. గాజు పగిలి నీ మొహం మీద పడుతుందని భయం, అంతే. కానీ నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మీ అన్నయ్య అది చూశారు. మీ అమ్మగారికి కోపం అందుకేనేమో.

సరేగానీ, ఇది చదివి లేచి గంతులు వెయ్యకు. ఫ్లూటు జయంత్ గారు వచ్చారు. ఏడాదిగా దోనె వేసుకుని కొల్లేరంతా తిరిగి ఒక పెద్ద కచేరీ కట్టుకున్నారు. గుర్రపుడెక్క, చేపల చెరువుల గట్లు, ముక్కు కింద సంచి వేలాడేసుకుని వలసొచ్చే గూడబాతులు, అన్నీ ఉన్నాయి అందులో. డిసెంబరు రెండో వారంలో ఏలూరులోనే. తెర మీద మనం కావాలట. చివరి భాగంలో ఫ్లూటు ఒక్కటే మోగుతుంది. అప్పుడు గంజి మీద ఒకే గీతతో గూడబాతు, ముక్కు దగ్గర మొదలై తోక దాకా, ఆయన ఊపిరి ఆగేలోపు పూర్తవ్వాలి. ఆ తర్వాత అది మెల్లిగా చెదిరిపోవాలి.

సగ్గుబియ్యం గంజి పల్చగా కాచి పళ్ళెంలో పోస్తే సిరా మునగకుండా పైన తేలుతుందని కనిపెట్టింది నువ్వు. చీపురుపుల్లతో ఆ గీత గియ్యడం వచ్చింది నీకొక్కదానికే. నా చెయ్యి రంగులు పొయ్యడానికే పనికొస్తుంది. హాల్లో మిణుకుమనే లైటు ఒక్కటి కూడా ఉండకూడదని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను. మన ప్రొజెక్టరు దీపం నిలకడగా వెలిగేదే కాబట్టి భయం లేదు. ఒకసారి డాక్టరుగారిని అడుగు.

దెందులూరు బస్సు వచ్చేస్తోంది. స్కూల్లో ఏడో తరగతి వాళ్ళచేత ఇవాళ కూడా మామిడికాయలే గీయించాలి.

పెర్సిస్

*

తాడేపల్లిగూడెం
అక్టోబరు 2

పెర్సీ, బంగారం,

గంతులు వేశాను! అమ్మ ఫిట్సేమో అనుకుని తాళాలగుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

డాక్టరుగారు సరేనన్నారు. మాత్రలు మానకూడదు, నిద్ర చెడకూడదు, లైట్లు కొట్టకూడదు, ఈ మూడూ ఉంటే వెళ్ళొచ్చట. అన్నయ్య తనే కార్లో తీసుకొస్తానన్నాడు. ఇదంతా వదిన పుణ్యమే. అమ్మ వద్దంటే వద్దని కూర్చుంటే, "చిన్నపిల్ల సరదా అండీ అత్తయ్యగారూ, మాత్రల బాధ్యత నాది" అని పూచీ పడింది. రోజూ గంజి కాచి, తన పాత వాయిలు చీర చెంగుతో వడకట్టి, స్టీలు కంచంలో పోసిస్తోంది. "ఇందులో పంచదార వేసుకుని తాగితే కడుపైనా నిండును కదా" అని ఏడిపిస్తుంది.

కానీ పెర్సీ, చెయ్యి వణుకుతోందే. అన్నం కలుపుకునేటప్పుడు తెలియదు. పుల్ల పట్టుకుంటే తెలుస్తుంది. ఆ మాత్రల వల్లేనట, కొందరికి అలా ఉంటుందట. గంజి మీద కాగితం పరిచి బొమ్మ ఎత్తి పంపుతున్నాను, నువ్వే చూడు. గూడబాతు మెడ మూడుచోట్ల విరిగింది. చలిజ్వరమొచ్చిన కోడిలా ఉంది. మాత్ర మార్చమంటే, ఇది నీకు సరిపోయింది, ఇప్పుడు కదపకూడదు అన్నారు.

ఏం చెయ్యనే?

ఇందు

*

ఏలూరు
అక్టోబరు 10

ఇందూ,

నువ్వు పంపిన గూడబాతు నాకు నచ్చింది. నీళ్ళమీద పక్షి నీడ వణకదూ? అలాగే ఉంటుంది. ఇదీ ఒక అందమే అనుకో.

అయినా నువ్వు బెంగ పెట్టుకోకు. క్రాంతి కుమార్ అని మా చర్చిలో ఒక కుర్రాడున్నాడు, బొమ్మల కోర్సు చేసి వచ్చాడు. మొన్న సరదాగా పుల్ల ఇస్తే పర్వాలేదనిపించాడు. కావాలంటే చివరి గీత అతను గీస్తాడు, నువ్వు నా పక్కన రంగులు పొయ్యి. ఇద్దరం కలిసి కూర్చుంటే చాలదా?

ఆరోగ్యం ముఖ్యం.

పెర్సిస్

*

తాడేపల్లిగూడెం
అక్టోబరు 15

పెర్సిస్,

వణుకు కూడా అందమే అని ఇంకోసారి రాశావంటే ఆ ఉత్తరం పొయ్యిలో పడేస్తాను. నీకు తెలుసు అది అందం కాదని. తెలిసీ నన్ను బుజ్జగిస్తున్నావు. ఒళ్ళు మండిపోయింది నాకు.

క్రాంతి కుమార్ పర్వాలేదనిపించాడా? నా పుల్ల ఎవరిచ్చారే వాడికి? నాలుగేళ్ళు నీతో కలిసి ఊరూరా తిరిగి, ఇప్పుడు నీ పక్కన కూర్చుని చెంబుతో రంగునీళ్ళు పొయ్యాలా? నాకున్నది ఆ గీత ఒక్కటే. అదీ పోతే ఇక నేనెందుకు?

జయంత్ గారికి నా మాటగా చెప్పు. చివరి బొమ్మ ఇందుజే వేస్తుంది.

ఇందు

*

తాడేపల్లిగూడెం
నవంబరు 9

పెర్సీ,

కోపంలో ఏదేదో రాశాను. నీమీద కాకపోతే ఎవరిమీద అరుస్తాను? ముందు ఈ బొమ్మ చూడు. చూశాకే కింద చదువు.

చూశావా? ఎక్కడైనా ఆగిందా? మెడ దగ్గర ఆ వంపు చూడవే! ముక్కు నుంచి తోక దాకా ఒక్క ఊపిరి. ఇంత బాగా నా చెయ్యి ఎప్పుడూ ఆడలేదు. వదినకి చూపిస్తే "అమ్మో, ఎగిరిపోయేలా ఉంది" అంది.

ఎలా కుదిరిందో నీకొక్కదానికే చెబుతున్నాను. మాత్రలు మానేశాను. మొదట పొద్దుటిది ఒక్కటే. బుగ్గలో దాచుకుని, నీళ్ళు తాగి, వదిన వెనక్కి తిరగ్గానే పెరట్లో ఉమ్మేసేదాన్ని. తర్వాత రాత్రిది కూడా. మూడు వారాలు దాటింది. ఏమీ కాలేదు! మగత పోయింది, ఆకలేస్తోంది, చెయ్యి నిలకడగా ఉంది. ఆ లైట్లు లేకపోతే నాకసలు రోగమే లేదని అనిపిస్తోంది.

వదిన గ్లాసు పట్టుకుని నిలబడినప్పుడు మాత్రం మనసు పీకుతుంది. పాపం, నన్ను ఎంతలా నమ్ముతోందో!

కచేరీ అయ్యేదాకానే పెర్సీ. మర్నాటి నుంచి జన్మంతా మింగుతాను, ఒట్టు. నువ్వు అన్నయ్యకి గానీ వదినకి గానీ చెప్పావో, నన్ను కారెక్కనివ్వరు. ఆ కచేరీ పోతే నన్ను నువ్వే చంపినట్టు. ఇది చదివి చింపెయ్యి. నీవి కూడా చదవగానే చింపేస్తాను.

ఇందు

*

ఏలూరు
నవంబరు 18

ఇందూ,

బుర్ర పాడైందా నీకు? డాక్టరు మానకూడదంటే మానేస్తావా? బడిపిల్లలే నయం నీకంటే. శ్రీదుర్గ వదిన నంబరు తీసి, ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నొక్కితే చాలు. నీ కచేరీ పోతుంది, నువ్వు నాతో మాట్లాడవు. పోనీలే, మనిషివి ఉంటావు అనుకున్నాను.

తర్వాత ఆ బొమ్మ గోడకి ఆనించి చూశాను. చూడకుండా ఉండాల్సింది.

ఇందూ, అలాంటి గీత నేను ఎక్కడా చూడలేదు. అసూయ కూడా కలిగింది, నిజం చెబుతున్నాను. జయంత్ గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "ఇదే నాకు కావాలమ్మా, ఇదే" అన్నారు. క్రాంతి గీసింది పక్కన పెడితే ఆయన దాని వంక చూడను కూడా చూడలేదు.

సరే. ఎవరికీ చెప్పను. కానీ నా మాట వినాలి. స్నానాల గదికి గడియ వెయ్యకు. పొయ్యి దగ్గరికి వెళ్ళకు. మేడ మెట్లు ఎక్కకు. రాత్రి పెందలాడే పడుకో, నిద్రలో ఉంటే నాకు బెంగ ఉండదు. కచేరీ మర్నాడు పొద్దున నా ఎదురుగా మాత్ర మింగాలి. అప్పుడు నీళ్ళ గ్లాసు పట్టుకునేది నేను.

నేను తప్పు చేస్తున్నానేమో. చెయ్యనీ. ఆ తెర మీద నీ గీత కనపడాలి.

పెర్సిస్

*

తాడేపల్లిగూడెం
డిసెంబరు 1

నా తల్లీ పెర్సీ,

నువ్వు కాకపోతే ఇంకెవరు ఒప్పుకుంటారే నాకోసం! ఉత్తరం చదివి వదిన మెడ చుట్టూ చేతులు వేసి ఊపేశాను. ఎందుకో తెలియక ఆవిడ కూడా నవ్వేసింది.

నువ్వు చెప్పినవన్నీ బుద్ధిగా చేస్తున్నాను. గడియ వెయ్యడం లేదు. పెందలాడే పడుకుంటున్నాను. నిన్న పొద్దున మాత్రం కుడిచెయ్యి రెండుసార్లు దానంతటదే ఎగిరింది, కాఫీ ఒలికింది. చలికి అనుకుంటా. వదిన చూడలేదులే.

కచేరీకి వంగపండు రంగు చీర కట్టుకుంటాను. చీకట్లో ఎవరికీ కనపడదు కానీ నాకు తెలుస్తుంది కదా. గంజి తాజాగా ఆ మధ్యాహ్నం అక్కడే కాద్దాం, సగ్గుబియ్యం నేను తెస్తాను. జయంత్ గారు ఊపిరి ఎక్కడ తీసుకుంటారో ఆయన భుజం చూసి కనిపెట్టాలి, నన్ను ఆయనకి ఎదురుగా కూర్చోబెట్టు.

ఇంకో వారం, పది రోజులు. ఆగలేకపోతున్నానే.

ఇందు

*

నల్లజర్ల
జనవరి 22

పెర్సిస్ గారికి,

శ్రీదుర్గ నమస్కారాలు. ఈ చిరునామా చూసి మీకు ఆశ్చర్యం కలగొచ్చు. నేను మా పుట్టింట్లో ఉన్నానండీ. వచ్చి నెల కావస్తోంది.

మా ఇందు పోయిన రోజు మీరు వచ్చి వీధిలోనే నిలబడి వెళ్ళిపోయారు. మా అత్తగారు వీరరాఘవమ్మగారు అన్న మాటలకి నేను సిగ్గుతో చచ్చిపోయాను. మిమ్మల్ని లోపలికి రమ్మని పిలిచే ధైర్యం నాకు లేకపోయింది. క్షమించండి.

ఆ రాత్రి తను నవ్వుతూనే పడుకుందండీ. పొద్దున కాఫీ తీసుకెళ్ళి లేపబోతే బోర్లా పడి ఉంది, మొహం తలగడలోకి దిగిపోయి ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది. నిద్రలో ఫిట్స్ వచ్చిందన్నారు. డాక్టరుగారు నన్నే అడిగారు, మాత్రలు ఏ పూటైనా మానిందా అని. లేదండీ, రెండు పూటలా నా చేత్తో ఇచ్చాను, నా కళ్ళముందే మింగింది అని చెప్పాను. ఆయన నా వంక అదోలా చూసి, సరిగ్గా వేసుకుంటే ఇలా జరగడం చాలా అరుదమ్మా అన్నారు. ఆ ఒక్క మాట మా అత్తగారి చెవిన పడింది.

అప్పటినుంచి వచ్చినవాళ్ళందరి ముందూ ఒకటే మాట. "దీని చేతికి అప్పజెప్పాను నా పిల్లని. ఆడబడుచు ఎప్పుడు వదులుతుందా అని చూసింది" అని. పోనీ పెద్దావిడ, కడుపుకోత అనుకున్నాను. కానీ మా ఆయన కూడా నాతో మాట్లాడటం మానేశారండీ. ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, "నిజం చెప్పు దుర్గా, ఎన్ని పూటలు మర్చిపోయావు?" అని అడిగారు. ఒక్కటి కూడా లేదండీ అన్నాను. నమ్మలేదు. మర్నాడు మా నాన్నగారికి కబురు పెట్టి నన్ను పంపించేశారు. ఇప్పుడు ఆలోచించీ ఆలోచించీ నాకే అనుమానం వస్తోంది, ఎప్పుడైనా మర్చిపోయానా అని.

మీ ఇద్దరూ అన్నేసి ఉత్తరాలు రాసుకున్నారు కదా. తనవన్నీ పోస్టులో వేసింది నేనే. ఒక్కటి కూడా విప్పి చూడలేదు. మీరు రాసినవి ఇంట్లో ఎంత వెతికినా దొరకలేదు. తను మీ దగ్గర ఏదీ దాచదు. మాత్రల సంగతి మీకేమైనా రాసిందా అండీ? వేసుకుంటున్నానని గానీ, మానేశానని గానీ, వదిన ఇస్తోందని గానీ, ఏదైనా సరే. తన చేతిరాతతో ఒక్క ముక్క ఉంటే చాలు, మా ఆయనకి చూపిస్తాను. ఆయన చెడ్డవారు కాదండీ, చెల్లెలి రాత చూస్తే నమ్ముతారు.

మీ కచేరీ బాగా జరిగిందని పేపర్లో చదివాను. సంతోషం.

జవాబు కోసం ఎదురు చూస్తుంటాను.

శ్రీదుర్గ

*

ఏలూరు
ఫిబ్రవరి 6

శ్రీదుర్గ వదినగారికి,

పెర్సిస్ నమస్కరించి రాస్తున్నానండీ. జవాబు ఆలస్యమైనందుకు క్షమించండి. స్కూల్లో పరీక్షలు, ఇంట్లో నాన్నగారికి నలత. మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. మీలాంటి మనిషికి ఇలాంటి నింద రావడం అన్యాయమండీ.

కచేరీ ఇందు పేరు మీదే చేశాం. మొదట్లో అందరూ లేచి నిలబడి కాసేపు మౌనం పాటించారు. చివరి బొమ్మ క్రాంతి కుమార్ అనే అబ్బాయి వేశాడు. బాగానే వేశాడండీ, అందరూ మెచ్చుకున్నారు. మార్చిలో రాజమండ్రిలో కూడా చెయ్యమని అడుగుతున్నారు. జయంత్ గారు మిమ్మల్ని అడిగానని చెప్పమన్నారు.

మీరు అడిగిన సంగతి. ఇందు ఉత్తరాల్లో ఎక్కువగా బొమ్మల గురించే రాసేదండీ. మీరు గంజి కాచి ఇవ్వడం, పంచదార వేసుకుని తాగమని ఏడిపించడం, అవన్నీ రాసేది. మీరంటే తనకి ప్రాణం. మాత్రల గురించి మాత్రం నాకెప్పుడూ ఏమీ రాయలేదండీ. వేసుకుంటున్నట్టు గానీ, మానేసినట్టు గానీ ఎక్కడా లేదు. ఉంటే మీకు కాక ఇంకెవరికి చెబుతాను?

ఆ ఉత్తరాలు పంపుదామన్నా నా దగ్గర లేవు. నాకు కాగితాలు దాచుకునే అలవాటు లేదండీ.

మీరు మనసు పాడుచేసుకోకండి. ఎప్పుడైనా ఒక పూట మర్చిపోయినా అది కావాలని చేసింది కాదని అన్నయ్యగారికి తెలియకపోదు. మనుషులమన్నాక మరుపు సహజమండీ. ఆదివారం చర్చిలో మీ పేరు కూడా చదివిస్తున్నాను.

మీ చెల్లెలులాంటి
పెర్సిస్